స్వాహిలీ బొత్తిగా రానివారు కావలెను

ఆ ఏడాదిని విశ్వవిద్యాలయం వారు ‘నవాభ్యాసక మైత్రీ సంవత్సరం’గా ప్రకటించారు. అంతకు ముందటి ఏడు పరిశుభ్రతా సంవత్సరం. అది ముగిసిన మర్నాడే చీపుళ్లన్నిటినీ పోగుచేసి స్టోర్సుకు వాపసు పంపించేశారు. కనుక అక్కడ ఒక సంవత్సరాన్ని ప్రకటిస్తే ఎంత నిష్ఠగా పాటిస్తారో ఎవరికీ సందేహం లేదు.

నవాభ్యాసకుడంటే అప్పుడే ఓనమాలు దిద్దుతున్నవాడు. అలాంటివాడికి ఏ విద్యా కష్టంగా తోచకూడదని పైనుంచి ఉత్తర్వు. కొత్తగా చేరిన పిల్లల కోసం ప్రతి విభాగమూ ఒక మైత్రీ కార్యక్రమం జరపాలి. అది చూసి ముచ్చటపడి తగినంతమంది చేరితే సరే. చేరకపోతే ఆ విభాగాన్ని తీసుకెళ్లి పక్క గదిలో ఉన్న విభాగంలో కలిపేస్తారు.

స్వాహిలీ విభాగానికి పక్క గదిలో ఉన్నది చేపల శీతలీకరణ.

స్వాహిలీ విభాగమంటే ఒక గది, ఒక బీరువా, మజ్జి నీలవేణి. ఆవిడ ఒకప్పుడు లెక్కలు చెప్పడానికి టాంజానియాలో టాంగా అనే రేవు పట్టణానికి వెళ్లారు. అక్కడి పిల్లలు ఆవిడ దగ్గర నేర్చుకున్న లెక్కల కన్నా ఆవిడ వాళ్ల దగ్గర నేర్చుకున్న భాషే ఎక్కువ. తిరిగొచ్చాక ఆ భాషతోనే ఈ ఒప్పంద ఉద్యోగం దొరికింది. ఏటేటా పొడిగిస్తారు. ఆవిడ దగ్గర చదువుకునేవాళ్లు బొటాబొటిగా ఒక బెంచీ నిండేవారు. ఎండాకాలంలో మాత్రం రెండో బెంచీ కూడా నిండేది. గోడ అవతల ఐసు ఉండడం వల్ల ఆ గది చల్లగా ఉంటుంది.

ఆవిడకు తోడు రెహెమా. అసలు టాంగా పిల్లే. చేపల పెంపకం మీద పరిశోధన చేయడానికి ఇక్కడికి వచ్చింది. తెలుగు నేర్పినవాళ్లు హాస్టల్ వంటింటి ఆడవాళ్లూ, రేవులో చేపలమ్మే ఆడవాళ్లూను. కాబట్టి రెహెమా మాట్లాడితే శ్రీకాకుళం వాళ్లు కూడా ఒక్కసారి తిరిగి చూస్తారు.

ఉత్తర్వు వచ్చిన రోజున రెహెమా తలుపు దగ్గర నిలబడి అడిగింది.

“ఏటి మ్వాలిము, మొకం అలగుంది?” మ్వాలిము అంటే వాళ్ల భాషలో పంతులమ్మ.

“మనల్ని చేపల్లో కలిపేస్తారట, రెహెమా.”

“నానెలాగూ చేపల్లోనే ఉన్నాను. మిమ్మల్ని కూడా లాగీస్తే మా బాసకి ఇక్కడ ఎవులు మిగుల్తారు?”

రెహెమా వచ్చి బల్ల మీద కూర్చుంది. “ఆట పెడదాం,” అంది. “మా ఊళ్లోన పొద్దోయేక ముసలమ్మలు పొడుపుకథలు ఏస్తారు కాదేటి, అలాటిది. క్యాంపస్ అంతా తిరిగి యెతుక్కోవాల.”

అలా పుట్టింది పొడుపుకథల వేట. ఒక్క ముక్క స్వాహిలీ రాని పిల్ల పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి గుప్పెడు మాటలతో ఇంటికి వెళ్లాలని నీలవేణి పట్టుదల. గ్రంథాలయం తలుపు ముందు “హోడి” అనాలి, అంటే ‘రావచ్చునా’ అని. లోపలినుంచి “కరీబు” అని పిలుపు వస్తేనే లోపలికి అడుగు పెట్టాలి. అక్కడ గోడకు ఒక కంగా వేలాడుతుంది. అది వాళ్ల ఆడవాళ్లు కట్టుకునే రంగురంగుల గుడ్డ. అంచున ఒక సామెత అచ్చేసి ఉంటుంది. ఆ సామెత ఒక పొడుపుకథ దగ్గరికి, ఆ పొడుపుకథ ఇంకో చోటికి నడిపిస్తాయి. చివర్న ఒక పెట్టె, పెట్టెలో కొబ్బరిపాలూ యాలకులూ వేసి వేయించిన మందాజీలు, అంటే వాళ్ల బూరెలు.

“పిల్లలు భయపడక్కర్లేదు రెహెమా,” అన్నారు నీలవేణి, చాలా రోజుల తర్వాత హుషారుగా. “కలం మీకు కలాము. రంగు మీకు రంగి. వకీలు వకీలి, బీమా బిమా, సర్కారు సెరికాలి. రేవుని మీరు బందారి అంటారు, మనకి బందరుంది. సగం మాటలు రెండు రేవుల వాళ్లూ ఒకే పడవ దగ్గర కొనుక్కున్నవే. ఆ సంగతి పిల్లలకి వాళ్లంతట వాళ్లకే తెలియాలి. అంతే.”

కాగితం మీద పెట్టి అనుమతి కోసం పైకి పంపారు. తప్పేమీ లేదు, అలాగే పంపాలి.

*

అనుమతి ఇవ్వవలసింది ‘నవాభ్యాసక సౌలభ్య పర్యవేక్షణ సంఘం’. దానికి అధ్యక్షులు ఆచార్య గుణాకరరావుగారు. ఆయనది కాంక్రీటు విభాగం. ఏ భాషతోనూ ఏ సంబంధమూ లేదు కనుక పూర్తిగా నిష్పాక్షికులని ఆయనను వేశారు. సభ్యులు న్యాయశాస్త్రాచార్యులు శోభనాద్రిగారు, రిజిస్ట్రారు జనార్దనంగారు. జనార్దనంగారు ఎప్పుడూ బూడిదరంగు సఫారీ సూటు వేసుకునేవారు. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. నియమం తప్పి ఒక్క గుండుసూది కూడా ఎవరికీ ఇచ్చి ఎరగరు.

నీలవేణి మొదటి పొడుపుకథ చదివి వినిపించారు. “నా ఇంటికి తలుపు లేదు. అదేమిటి?”

గుణాకరరావుగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. “తలుపు లేని కట్టడానికి ప్లాను అప్రూవల్ ఎవరిచ్చారు?”

“అది గుడ్డండీ.”

రిజిస్ట్రారుగారు గొంతు సవరించుకున్నారు. “హాస్టల్ మెస్సులో గుడ్డు పెట్టాలా వద్దా అన్న అంశం ప్రస్తుతం పరిశీలనలో ఉంది. పరిశీలనలో ఉన్న అంశాన్ని జవాబుగా ప్రకటించడం సాంకేతికంగా కుదరదు.”

“పోనీ కొబ్బరికాయ అనుకుందామండీ. దానికీ తలుపుండదు.”

ముగ్గురి ముఖాలూ విప్పారాయి. శుభప్రదం అన్నారు గుణాకరరావుగారు. ప్రారంభోత్సవంలో ఎలాగూ ఒకటి కొడతాం కనుక విడిగా తెప్పించనక్కర్లేదన్నారు రిజిస్ట్రారుగారు. శోభనాద్రిగారు మినిట్స్ రాసుకుంటూ, “స్వాహిలీలో కొబ్బరికాయను ఏమంటారు మేడం?” అని అడిగారు.

“నాజీ అంటారండీ.”

శోభనాద్రిగారు కలం కింద పెట్టేశారు. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, మెల్లగా అన్నారు: “మేడం, ఇది అంతర్జాతీయ పర్యవసానాలు గల కాయ.”

“వాళ్ల భాషలో కొబ్బరికాయకి పేరండీ. దానికీ దీనికీ...”

“మీరు చెప్పింది నేను విన్నాను. రేపు పత్రికల వాళ్లు వింటారా? ‘విశ్వవిద్యాలయంలో నాజీ కోసం వెతుకులాట’ అని వేస్తే సంజాయిషీ ఎవరిస్తారు?”

గుడ్డూ పోయింది, కొబ్బరికాయా పోయింది. చిక్కంతా తలుపు లేకపోవడం వల్లనే వచ్చిందని గుణాకరరావుగారు కనిపెట్టారు. ఇంటికి తలుపు పెట్టిస్తే సరిపోతుంది. ఆ మేరకు సవరించిన పొడుపుకథ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది: “నా ఇంటికి తలుపు ఉంది. అదేమిటి?” జవాబు: ఇల్లు.

“చూశారా!” అన్నారు గుణాకరరావుగారు, నిజంగా సంతోషపడి. “ఎంత హాయిగా ఉందో! విద్యార్థి ఆలోచించవలసిన అగత్యమే లేదు. మైత్రి అంటే ఇదీ.”

నీలవేణి బయటికి వచ్చి వరండాలో నిలబడ్డారు. రెహెమా ఎదురొచ్చి ఏమైందని అడిగింది. చెప్పారు. రెహెమా పకపకా నవ్వి, నవ్వు మధ్యలోనే ఆపేసి, “నవ్వకూడదేటి మ్వాలిము?” అంది. నీలవేణి కళ్లు తడిగా ఉన్నాయి.

*

రెండో సమావేశంలో నమస్కారాల విషయం వచ్చింది. పెద్దవాళ్లు ఎదురైతే స్వాహిలీలో “షికమో” అంటారని, దానికి ‘మీ పాదాలు పట్టుకుంటున్నాను’ అని అర్థమని, పెద్దవాళ్లు “మరహబా” అని అందుకోవాలని నీలవేణి వివరించారు. వేటలో పిల్లలు ఈ రెండు మాటలూ నేర్చుకుంటారని కూడా చెప్పారు.

రిజిస్ట్రారు జనార్దనంగారు ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. “ఇంత ఉదాత్తమైన సంప్రదాయాన్ని ఒక ఆటకు పరిమితం చేయడం భావ్యం కాదు,” అన్నారు. సాయంత్రానికి సర్క్యులర్ వెలువడింది. ప్రాంగణంలో ప్రతి ఒక్కరూ తమకన్నా పెద్దలు ఎదురుపడినపుడు విధిగా షికమో చెప్పవలెను.

మర్నాటి నుంచి వరండాల్లో రాకపోకలు మందగించాయి. అసలు ఇబ్బంది అది కాదు. పెద్ద అంటే స్వాహిలీ వాళ్ల లెక్కలో వయసులో పెద్ద. ఉపకులపతిగారు రిజిస్ట్రారుగారి కన్నా చిన్న. సర్క్యులర్ ప్రకారం ఉపకులపతిగారే రిజిస్ట్రారుగారి పాదాలు పట్టుకోవాలి. ఆ సంగతి తట్టగానే జనార్దనంగారు భోజనం మానేసి, ఉపకులపతిగారు ఎదురుపడతారేమోనని వెనక మెట్ల మీదుగా రాకపోకలు సాగించారు. చివరికి శోభనాద్రిగారు దారి చూపించారు. మనిషి వయసు వేరు, పీఠం వయసు వేరు. ఉపకులపతి పీఠం విశ్వవిద్యాలయంతో పాటే పుట్టింది కాబట్టి దాని మీద కూర్చున్నవారి వయసు దాని వయసే. ఆ విధంగా ఉపకులపతిగారిని ప్రాంగణంలోకెల్లా వృద్ధుడిగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆయన సంతకం చేసి, ఆ వారమంతా అద్దంలో చూసుకోలేదని అందరూ చెప్పుకున్నారు.

*

అసలు దెబ్బ మూడో సమావేశంలో పడింది. శోభనాద్రిగారు ఇంట్లో కూర్చుని నిర్వచనం రాసుకొచ్చారు. నవాభ్యాసకుడు అనగా సదరు భాషలో ఏ పదమూ ఎరుగనివాడు. ఈ వేట నవాభ్యాసకులకు మాత్రమే. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

“అయితే ఇక్కడొక సూక్ష్మం ఉన్నది,” అన్నారాయన. “మొదటి చోట విద్యార్థి ‘హోడి’ అను పదము నేర్చుకొనుచున్నాడు. నేర్చుకొన్న ఉత్తర క్షణమున అతడు నవాభ్యాసకుడు కాడు. కానివాడు రెండవ చోటికి వెళ్లుట అక్రమ ప్రవేశము.”

గుణాకరరావుగారు తల పట్టుకున్నారు. “అయితే వేట మొదటి చోటే ఆగిపోతుందా?”

“ఆగనక్కర్లేదు. ఏ దశలోనూ ఏదీ నేర్చుకోకుండా రూపకల్పన చేసుకుంటే చాలు.”

“అయ్యా,” అన్నారు నీలవేణి, “నేర్చుకోడానికే కదండీ ఇదంతా?”

ముగ్గురూ ఆవిడవైపు జాలిగా చూశారు. “మేడం, మీరు ఉపాధ్యాయ దృక్పథంలో ఆలోచిస్తున్నారు,” అన్నారు రిజిస్ట్రారుగారు. “మేము నవాభ్యాసకుడి పక్షాన ఉన్నాం. వాడు చివరిదాకా నవాభ్యాసకుడిగా మిగలాలి. అది వాడి హక్కు.”

హోడి తీసేశారు, కరీబు తీసేశారు. కంగా ఉండవచ్చునట, సామెత కనపడకుండా మడత పెడితే. మిగిలిందల్లా పాల్గొనేవాళ్లు నిజంగా నవాభ్యాసకులేనని తేల్చుకోవడం. దానికి ఒక పరీక్ష పెట్టాలి. సున్నా వచ్చినవాళ్లే ఉత్తీర్ణులు. వాళ్లకు ధ్రువపత్రం ఇస్తారు. ప్రశ్నలు కూర్చే పని, భాష వచ్చినది ఒక్కరికే కనుక, నీలవేణికి పడింది.

ఆవిడ కుట్ర చేశారని తర్వాత కొందరన్నారు. అదేం లేదు. తనకు ఇష్టమైన మాటలు రాశారు, అంతే. కలాము, రంగి, బందారి, వకీలి, చపాతి, దుకా, బిమా, సెరికాలి. వీటి అర్థాలు రాయండి.

కొత్త పిల్లలంతా పరీక్ష రాశారు. దుకా అంటే దుకాణం కాక మరేముంటుంది? చపాతి అంటే చపాతీయే. ఒక్కరికీ సున్నా రాలేదు. సోంపేట నుంచి వచ్చిన దమయంతి అనే అమ్మాయికి అన్నీ సరిపోయాయి. ఇంటర్మీడియట్ ఇంగ్లీషులో మూడుసార్లు తప్పిన పిల్ల. తనకు కొత్త భాష వచ్చేసిందని వాళ్లమ్మకు ఫోను చేసి చెప్పుకుంది. ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీద పేరు పడింది: నవాభ్యాసకత్వ లోపం కారణంగా అనర్హురాలు.

దమయంతి ఏడుస్తూ స్వాహిలీ గదికి వచ్చింది.

“ఇంగ్లీసు రాకపోతే తప్పించీవారు. ఇప్పుడొచ్చినా తప్పించీసారు. నానేటి సెయ్యాలండి మేడం?”

నీలవేణి ఆ పిల్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. “నీకు వచ్చు,” అన్నారు. “ఎవరేమన్నా నీకు వచ్చు. అది గుర్తుపెట్టుకో.” గోడ అవతల ఐసు మర గుర్రుగుర్రుమంటోంది.

*

పాల్గొనడానికి ఒక్కడైనా లేకపోతే కార్యక్రమం జరగదు. జరగకపోతే ఆ లోపం సంఘం ఖాతాలో పడుతుంది. సంఘం కంగారుపడి వెతకడం మొదలుపెట్టింది. గుమాస్తాలను అడిగారు, తోటమాలులను అడిగారు. ఎక్కడికెళ్లినా వకీలు తెలిసినవాళ్లే, బీమా కట్టినవాళ్లే. ఆ గాలింపులోనే శోభనాద్రిగారికి ఇంకో సంగతి బయటపడింది. సఫారీ అన్నది స్వాహిలీ మాట. ప్రయాణం అని అర్థం. ఆయన రిజిస్ట్రారుగారి సూటు వైపు చూసి తల దించుకున్నారు. మర్నాటి నుంచి జనార్దనంగారు తెల్ల చొక్కాలో వచ్చారు. చాలామంది ఆయనను పోల్చుకోలేక షికమో చెప్పకుండానే వెళ్లిపోయారు.

పత్రికలో ప్రకటన ఇద్దామన్నారు గుణాకరరావుగారు. “స్వాహిలీ బొత్తిగా రానివారు కావలెను” అని తయారుచేశారు. ప్రకటన చదివినవాడికి స్వాహిలీ అనే మాట తెలిసిపోతుంది కదా అని శోభనాద్రిగారు అడ్డుపడ్డారు. సవరించిన ప్రకటన ఆదివారం సంచికలో వచ్చింది:

“ఒకానొక భాష బొత్తిగా రానివారు కావలెను. ఏ భాష అని అడిగినవారు అనర్హులు.”

దరఖాస్తులు రాకపోలేదు. సంస్కృతం రానివారు రాశారు, లెక్కలు రానివారు కూడా పొరపాటున రాశారు. విజయనగరం నుంచి ఒకాయన తన అల్లుడికి ఏ భాషలోనూ మాట నిలబెట్టుకోవడం రాదని, పనికొస్తాడేమో చూడమని రాశాడు. అందరినీ పిలిపించి పరీక్షపెట్టారు. అందరికీ చపాతీ దగ్గర ఒక మార్కు వచ్చేసింది.

వేటకు రెండు రోజులుందనగా గుణాకరరావుగారికి చిర్రెత్తింది. “ఈ పరీక్షలో సున్నా తెచ్చుకోవడం అంత కష్టమా? ఇలా ఇవ్వండి, నేను రాసి చూపిస్తాను,” అని కూర్చున్నారు. కలాముకు ఎదురుగా ‘కలలు’ అని రాశారు. బందారికి ‘బంధువు’. దుకాకు ‘దుఃఖము’. రంగికి ‘ఒక స్త్రీ పేరు’. చపాతి దగ్గర చాలాసేపు ఆలోచించి, అంత తేలికగా ఉండదని అనుమానించి, ‘చెప్పుదెబ్బ’ అని రాశారు.

సున్నా.

సంఘం మొదటి సమావేశం నుంచీ స్వాహిలీ గురించే చర్చిస్తూ వచ్చిన మనిషి ఆయన. అయినా ఒక్క పదం అంటలేదు. శోభనాద్రిగారు లేచి నిలబడి కరచాలనం చేశారు. విశ్వవిద్యాలయం పరువు నిలిచింది. ఏకైక ధ్రువీకృత నవాభ్యాసకుడిగా ఆచార్య గుణాకరరావుగారికి ధ్రువపత్రం ఇచ్చారు. దాన్ని ఆయన చట్రం కట్టించుకున్నారు.

*

ఆహ్వానపత్రిక మీద వేళను కూడా స్వాహిలీ పద్ధతిలోనే వేయాలని ఉపకులపతిగారి కోరిక. నీలవేణి ‘సా న్నే’ అని రాసిచ్చారు. వాళ్ల గడియారం పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్క, మన పెద్దవాళ్లు గడియలు లెక్కపెట్టుకున్నట్టే. న్నే అంటే నాలుగు. పొద్దు పొడిచాక నాలుగో గంట, అంటే మన పది. ఆ వివరణ కూడా కాగితం కింద రాశారు. అచ్చుకు పంపేటప్పుడు అనవసరమని ఆ వివరణ కొట్టేశారు. అధికారులంతా సాయంత్రం నాలుగింటికి వస్తామని డైరీల్లో రాసుకున్నారు.

పిల్లలు మాత్రం రెహెమా మాట విని పదింటికే వచ్చేశారు. అందరూ అనర్హులే. అయినా వచ్చారు. శీతలీకరణ భవనం ముందు మెట్ల మీద కూర్చున్నారు. తలుపు ఉన్న ఇల్లు తప్ప అక్కడ వాళ్లకు చూపించడానికి ఏమీ లేదు. నీలవేణి ఇటూ అటూ తిరిగారు. అనుమతి లేని కార్యక్రమం జరిపితే ఒప్పందం పొడిగించరు. జరపకపోతే విభాగమే ఉండదు. దమయంతి ముందు వరసలో కూర్చుని ఆవిడ వైపే చూస్తోంది.

“రెహెమా,” అన్నారు చివరికి, “మీ ముసలమ్మలు ఎలా మొదలుపెడతారో అలా మొదలుపెట్టు.”

రెహెమా లేచి రెండు చేతులూ చరిచింది. “కిటెండవిలి! అంటే పొడుపుకథ ఏస్తన్నాను అని. మీరు టేగ అనాల. ఏసీ అని.”

“టేగ!” అన్నారు పిల్లలు.

“నా ఇంటికి తలుపు నేదు.”

“గుడ్డు!” అని అందరూ ఒక్కసారే అరిచారు. వాళ్ల ఊళ్లలోనూ ఆ ఇంటికి తలుపు లేదు.

అక్కణ్ణుంచి ఆట ఆగలేదు. వీళ్లు తెలుగు పొడుపుకథ వేస్తే రెహెమా విప్పేది, రెహెమా వేస్తే వీళ్లు. విప్పలేకపోతే ఏం చేయాలో కూడా చెప్పింది. “నిపే మ్‌జి అంటాను. నాకో ఊరివ్వండి అని. జవాబు రానోళ్లు ఊరిచ్చుకోవాల. నాను ఆ ఊరెల్లి, అన్నీ తిని, తిరిగొచ్చి జవాబు చెప్తాను.”

మొదట దమయంతి సోంపేట ఇచ్చేసింది. రెహెమా సోంపేట వెళ్లి, జీడిపప్పు ఉప్మా తిని, దమయంతి వాళ్లమ్మ చేత జడ వేయించుకుని వచ్చింది. ఇంకెవరో పలాస ఇచ్చారు, ఇంకొకరు నరసన్నపేట. ఇచ్చినకొద్దీ ఇవ్వాలని ఉబలాటం పెరిగింది. భోజనాల వేళకు ఇచ్ఛాపురం నుంచి తుని దాకా రెహెమా చేతికి వచ్చింది. మందాజీల పెట్టె తెరిచేశారు. హోడి, కరీబు, టేగ, ఎవరూ నేర్పకుండానే అందరి నోళ్లలోనూ తిరుగుతున్నాయి.

నాలుగింటికి కార్లు వచ్చాయి. సభామందిరంలో ఉపకులపతిగారు దీపం వెలిగించారు. గుణాకరరావుగారు మెడలో దండతో వేటకు దిగారు. నా ఇంటికి తలుపు ఉంది అదేమిటి అని ఆయనను అడిగారు. ఆయన ఆలోచించారు. “గోడౌను,” అన్నారు. నవాభ్యాసకుడిని నొప్పించరాదన్న నియమం ప్రకారం దాన్నే సరైన జవాబుగా ఆమోదించి, బహుమతి ఇచ్చి, ఫొటో తీశారు. వేట నూటికి నూరు శాతం విజయవంతమైనట్టు ప్రకటన అక్కడికక్కడే చదివారు.

ఆ చప్పట్లు ఆగాక, ఇంకెక్కడో చప్పట్లు వినపడుతున్నాయని రిజిస్ట్రారు జనార్దనంగారు బయటికి వచ్చారు. చప్పుడు పట్టుకుని నడుచుకుంటూ శీతలీకరణ మెట్ల దగ్గరికి చేరారు.

“ఏమిటిది? ఎవరి అనుమతితో?”

పిల్లలు లేచి నిలబడ్డారు. నీలవేణి ముందుకు వచ్చారు. “నాదే బాధ్యతండీ. వీళ్లు ఎలాగూ అనర్హులు కదా అని కూర్చోబెట్టాను.”

ఆయన ఏదో అనబోయారు. ఈలోగా రెహెమా వంగి, “షికమో,” అంది. సర్క్యులర్ మీద సంతకం ఆయనదే. బదులు చెప్పక తప్పదు. “మరహబా,” అన్నారు.

“కిటెండవిలి!”

“టేగ!” అన్నారు పిల్లలు, ఆయన బదులు.

“నా కోడి ముళ్లల్లోన గుడ్డెట్టింది. ఏటది?”

గుడ్డు విషయం ఇంకా పరిశీలనలో ఉందని ఆయన గుర్తుచేయబోయారు. మళ్లీ ఆగారు. కోడి ముళ్లల్లో ఎందుకు పెడుతుంది? కనుబొమలు ముడిపడ్డాయి. చేతులు వెనక్కి కట్టుకుని అటొక అడుగు, ఇటొక అడుగు వేశారు. ఆయన ఒక ప్రశ్నను పైకీ కిందకీ పంపకుండా తనే ఆలోచించడం ఎవరైనా చూసి చాలా ఏళ్లయింది.

“తెలియదు,” అన్నారు చివరికి. ఆ మాట ఆయన నోట కొత్తగా వినిపించింది.

“అయితే ఊరిచ్చుకోండి.”

“ఊరేమిటి? ఏ నిబంధన కింద?”

“ఇచ్చీయండి సార్, అందరం ఇచ్చీసినాం,” అంది దమయంతి. “సోంపేట పోయింది. తుని కూడా పోయింది.”

జనార్దనంగారు చుట్టూ చూశారు. సంఘం వాళ్లెవరూ కనపడలేదు. గొంతు తగ్గించి, “పొందూరు,” అన్నారు. “మా అమ్మగారి ఊరు.”

పిల్లలు ఈలలు వేశారు. రెహెమా చేతులు చాచి ఆ ఊరిని అందుకుంది. “నాను పొందూరెల్లినాను. రైలు దిగినాను. ఒక ముసలమ్మ రాట్నం దగ్గర కూకుని సన్నంగా నూలు తీస్తంది. హోడి అన్నాను. కరీబు అంది. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చింది, అన్నం ఎట్టింది, తను నేయించిన గుడ్డ ఒకటి నా బుజం మీదేసింది. మీవోడు నియమం తప్పి ఏదీ ఎవులికీ ఇవ్వడంట కదా అని అడిగేను. చిన్నప్పుడలాటోడు కాడమ్మా అంది.”

ఆయన ముఖం అటు తిప్పుకున్నారు.

“తిరిగొచ్చినాను. జవాబు ననాసి.”

“ననాసి అంటే?”

“ననాసే సార్. చుట్టూ ముళ్లుంటాయి, మజ్జిలోన పండుంటాది. సీతంపేట కొండల మీంచి తెస్తారు కాదేటి.”

“అనాస!” అని పెద్దగా అన్నారు జనార్దనంగారు. “అనాసపండా! అది నాకు తెలుసు!”

“తెలుసు కాబట్టే అడిగేనండి,” అంది రెహెమా.

*

విచారణ జరిగింది. విశ్వవిద్యాలయ ఆవరణలో జిల్లాలకు జిల్లాలు పరదేశీయురాలి పరం చేసిన విషయమై శోభనాద్రిగారు నివేదిక రాశారు. దానం మౌఖికం కనుక చెల్లదని ఒకచోట, సాక్షులు అనేకులు కనుక చెల్లునేమోనని మరోచోట రాసి, ఇంకా తేల్చలేదు.

ఈలోగా ఆ పిల్లలంతా స్వాహిలీలో చేరతామని వచ్చారు. చేరడానికి వీల్లేదు, ఆ కోర్సు నవాభ్యాసకులకు, వీళ్లు కారని సంఘమే తేల్చింది. నీలవేణి ఆ తేల్చిన మాటనే పట్టుకుని రిజిస్ట్రారుగారి ముందు కూర్చున్నారు. “ఓనమాలు దాటినవాళ్లకు పై తరగతి ఉండాలి కదండీ,” అన్నారు. జనార్దనంగారు ఆ కాగితాన్ని సంఘానికి పంపలేదు. తనే చదివి, తనే సంతకం చేశారు. అలా ఉన్నత డిప్లొమా పుట్టింది. గది చాలక, చేపల శీతలీకరణ విభాగాన్నే ఒక మూలకు జరిపారు. దమయంతిది మొదటి బెంచీ. నీలవేణి ఒప్పందం ఈసారి మూడేళ్లకు పొడిగించారు.

పాత ప్రాథమిక కోర్సు కూడా రద్దు కాలేదు. అందులో అర్హత గల విద్యార్థి ఒక్కరే. గుణాకరరావుగారు క్రమం తప్పకుండా హాజరవుతారు. ఏటా పరీక్ష రాసి సున్నా తెచ్చుకుంటారు, ఏటా ధ్రువపత్రం పునరుద్ధరించుకుంటారు.

జనార్దనంగారు కూడా మంగళవారాలు మధ్యాహ్నం పై తరగతికి వస్తారు. బయట నిలబడి హోడి అని, కరీబు అన్నాక వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. తనిఖీ అని ఆయన చెబుతారు. రెహెమాను ఒక్కసారి ఓడిస్తే పొందూరు తిరిగొస్తుంది, అందుకని వారమంతా పొడుపుకథలు పోగుచేసుకుంటారు. ఇప్పటిదాకా ఓడించలేదు. మొన్న మంగళవారం పంతానికి పోయి అత్తవారి ఊరు రాజాం కూడా పోగొట్టుకున్నారు. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.